బడి వెనక తొమ్మిది బుట్టలు

అమెరికాలో ఉత్తర కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగర శివారులో మేముంటున్న కాలనీకి పది నిమిషాల నడక దూరంలో ఒక మిడిల్ స్కూల్ ఉంది. దాని వెనక, వ్యాయామశాల గోడకూ పైన్ చెట్ల వరుసకూ మధ్యనున్న నాలుగైదు ఎకరాల పచ్చికలో తొమ్మిది ఇనుప స్తంభాలు పాతి ఉన్నాయి. ఒక్కొక్క స్తంభానికి నడుము ఎత్తున ఒక బుట్ట, దాని మీద వరుసగా వేలాడే గొలుసులు. మా అబ్బాయిని బడి నుంచి తీసుకువచ్చేటప్పుడు వాటిని రోజూ చూస్తూ, అవి వాననీటిని కొలిచే సాధనాలో, పక్షులకు గింజలు పోసే తొట్లో అయి ఉంటాయని చాలాకాలం అనుకున్నాను. అవి డిస్క్ గోల్ఫ్ బుట్టలని తెలిసిన తరువాత కూడా, గోల్ఫ్ అన్న మాట చెవిన పడగానే అది మనకు సంబంధించిన వ్యవహారం కాదనిపించి, మరొక ఏడాది దూరంగానే ఉండిపోయాను.

ఆట సూత్రం చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. టీ అనే నిర్ణీత స్థలం నుంచి డిస్కును, అంటే పళ్ళెం వంటి గుండ్రని ప్లాస్టిక్ బిళ్ళను, బుట్ట వైపు విసరాలి. అది ఎక్కడ పడితే అక్కడి నుంచి మళ్ళీ విసరాలి. గొలుసులకు తగిలి బుట్టలో పడేసరికి ఎన్ని విసుర్లు పట్టాయో అదే ఆ హోల్ స్కోరు. నేలలో గుంట ఏదీ లేకపోయినా దానిని హోల్ అనే అంటారు. బుట్టకు ఎవరు ఎక్కువ దూరంలో ఉంటే వారు ముందు విసురుతారు. బుట్టకు 10 మీటర్ల లోపు నుంచి విసిరేవారు, విసిరిన తరువాత ఉన్నచోటనే నిలదొక్కుకున్నాక గాని ముందుకు అడుగు వేయకూడదు. ఇలా బుట్టలు అమర్చిన మైదానాన్ని కోర్సు అంటారు. మా బడి కోర్సులో రుసుము లేదు, ముందుగా సమయం తీసుకునే పని లేదు, ప్రత్యేకమైన బూట్లు లేవు. డిస్కు ఖరీదు పది నుంచి ఇరవై డాలర్ల వరకు ఉంటుంది. కొత్తవారికి ఒకటి చాలు.

ఒకటి చాలన్న సంగతి నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. దుకాణంలో రంగు బాగున్నదని దూరాలకు విసరడానికి వాడే డిస్కును, అంటే ఒక డ్రైవర్‌ను, దానికి తోడుగా మరొక రెండింటిని కొన్నాను. చాలా డిస్కుల మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి: మొదటిది వేగం, రెండవది గాలిలో తేలే గుణం, మూడవది మొదట్లో ఎంత ఒరుగుతుందో, నాలుగవది చివర్లో ఎంత వంగుతుందో తెలుపుతాయి. నా డ్రైవర్ మీద మొదటి అంకె 12. అది ఎంత పెద్దదైతే అంత మేలని, మిక్సీ వాట్లు చూసి కొనేవారి తర్కంతోనే నేను ఎంచుకున్నాను. నిజానికి ఆ అంకె ఆ డిస్కు మననుంచి కోరే వేగం. అంత వేగంగా విసరలేని చేతిలో అది పైకి లేవకుండానే ఎడమకు వంగి నేలకు దిగిపోతుంది. ఆ సామగ్రితో మేము మొదట వెళ్ళినది దగ్గరలోని ఒక పార్కులో అడవి మధ్య వేసిన కోర్సుకు. నాలుగవ హోల్ ముగిసేసరికి ఒక డిస్కు వాగులో మునిగింది, రెండవది తాకితే ఒళ్ళు దురదపెట్టే పాయిజన్ ఐవీ తీగల నడుమ ఎక్కడో పడింది, మా అబ్బాయి ఇక ఇంటికి పోదామన్నాడు. ఆ కోర్సులో లోపమేమీ లేదు. దానిని వేసినవారి మనసులో మావంటి వారు లేరు, అంతే.

బడి వెనకనున్న కోర్సు మావంటి వారిని ఎదుట నిలబెట్టుకుని వేసినది. తొమ్మిది హోళ్ళలో పొడవైనది 230 అడుగులు, పొట్టిది 140 అడుగులు. మొదటి హోల్ వ్యాయామశాల వెనక మెట్ల దగ్గర మొదలై చదునైన పచ్చిక మీదుగా తిన్నగా సాగుతుంది; టీ దగ్గర నిలబడితే బుట్టే గాక, బుట్ట వెనక ఏముందో కూడా కనబడుతుంది, కాబట్టి విసిరినది ఎంత పక్కకు పోయినా ఎక్కడ పడిందో తెలుస్తుంది. మూడవ హోల్‌లో రెండు పైన్ చెట్ల మధ్యనుంచి విసరాలి, అయితే ఆ చెట్లు టీకి దగ్గరగా గాక బుట్టకు దగ్గరగా ఉన్నాయి. మొదటి విసురు ఎలా పోయినా రెండవ విసురుతో వాటి నడుమ దారి వెతుక్కోవచ్చు. ఆరవ బుట్ట ఒక స్వీట్‌గమ్ చెట్టు పక్కన ఉంది. శరత్కాలంలో దాని ముళ్ళకాయలు నేలంతా రాలి పల్లేరుకాయలను తలపిస్తాయి. చెప్పులు విడిచి ఆడే అలవాటు మాకు అక్కడే పోయింది. మైదానం పల్లపు వైపున వాననీరు నిలిచే చెరువొకటి, చుట్టూ కంచెతో ఉంది. కోర్సు వేసినవారు దానివైపు ఒక్క హోల్‌నైనా తిప్పలేదు. నీటి మీదుగా విసిరే హోల్ ఒకటైనా ఉంటే కోర్సుకు అందం వస్తుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ ఆ అందాన్ని కావాలనే వదులుకున్నారు. కొత్తగా ఆడేవారి తప్పుకు ఇక్కడ పడే శిక్ష ఇరవై అడుగులు అదనంగా నడవడమే. డిస్కు మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది. పది మందిలో తొమ్మిది మంది ఈ ఆటను రెండవ వారానికే మానుకోవడానికి చేతకానితనం కన్నా డిస్కు పోవడమే కారణమై ఉంటుందని నా అనుమానం.

కోర్సు వేయడంలోని అసలు నేర్పు ఎక్కడుందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. కుడిచేతితో, మోచేతిని ఛాతీ మీదుగా లాగి విసిరినప్పుడు డిస్కు పైనుంచి చూసేవారికి గడియారం ముళ్ళ దిశలో తిరుగుతుంది. వేగం తగ్గేకొద్దీ గాలి దానిని పైకెత్తే బలం ముందు అంచు వైపు జరిగి, ముక్కును పైకి లేపజూస్తుంది. తిరిగే వస్తువును ఒకవైపు నెట్టితే అది ఆ వైపుకు గాక దానికి అడ్డంగా వాలుతుంది కదా, బొంగరం నేర్పే పాఠమే ఇది. ముక్కు లేవవలసిన డిస్కు అందువల్ల ఎడమకు ఒరుగుతుంది. చివర్లో కనబడే ఆ ఎడమ వంపునే ఫేడ్ అంటారు. ఇంతవరకు తెలిసినవారెవరైనా చిన్నపిల్లల ఉయ్యాలలూ జారుడు బల్లలూ ఉన్న చోటును హోళ్ళకు కుడివైపున ఉంచితే చాలుననుకుంటారు. కాని కొత్తవారి సంగతి వేరు. డిస్కు జారిపోతుందన్న భయంతో బిగించి పట్టుకుని, వదలవలసిన క్షణం దాటిన తరువాత వదులుతారు. అప్పుడది నేరుగా కుడివైపుకు దూసుకుపోతుంది. కాబట్టి రెండు వైపులా ప్రమాదమే. ఆ ఉయ్యాలల చోటు ఏ టీకి చూసినా వెనకవైపునే పడేటట్టు తొమ్మిది హోళ్ళనూ అమర్చారని, ఒక సాయంత్రం పటం గీసుకుని చూస్తే గాని నాకు తట్టలేదు. కార్లు నిలిపే చోటు వైపు కూడా ఒక్క హోల్ లేదు. నూట డెబ్బై గ్రాముల గట్టి ప్లాస్టిక్ అంచు కణతకు తగిలితే ఏమవుతుందో ఊహించుకోవడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు.

బడి స్థలం గనుక బడి నియమాలే ఇక్కడ చెల్లుతాయి. తరగతులు జరిగే రోజులలో సాయంత్రం నాలుగింటి వరకు బయటివారు అడుగుపెట్టరాదు. సాకర్ సాధన ఉన్నప్పుడు ఏడవ, ఎనిమిదవ హోళ్ళను వదిలివేసి మిగిలిన ఏడింటితో సరిపెట్టుకోవాలి. పొగతాగడం, మద్యం ముట్టడం నిషేధం. కొందరు పెద్ద ఆటగాళ్ళకు ఈ చివరి నియమం నచ్చక ఇటు రారు, దానికి నేను విచారించడం లేదు. తరగతుల వేళలో వ్యాయామ ఉపాధ్యాయుడు పిల్లలకు ఇదే ఆట నేర్పుతారు. మా అబ్బాయి చెప్పినదాని ప్రకారం ఆయన మొదటి రోజంతా విసరడం నేర్పనే లేదట. విసిరేవారి ముందు ఎవరూ నిలబడకూడదని, పక్కకు పోతున్న డిస్కును చూడగానే “ఫోర్” అని అరవాలని, ఆ అరుపు వింటే తల ఎత్తి చూడకుండా చేతులతో కప్పుకోవాలని, ఈ మూడింటినే సాధన చేయించారట. డిస్కు అడుగుభాగాన పేరు రాసి ఉంచే అలవాటు కూడా అక్కడే అబ్బింది. పెద్దవారు ఫోన్ నంబరు రాస్తారు, పిల్లలు తరగతి, సెక్షను రాస్తారు.

ఈ ఆట బడి ఆవరణలో ఉండడం కొత్త సంగతి కాదు. 1926లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో బ్లాడ్‌వర్త్ అనే చిన్న ఊళ్ళో రోనాల్డ్ గిబ్సన్ అనే బాలుడు, అతని తోటి విద్యార్థులు బడి మైదానంలో ఇసుక నేల మీద నాలుగడుగుల వెడల్పున గుండ్రాలు గీసి, డబ్బాల రేకు మూతలను వాటిలోకి విసురుతూ ఆడుకున్నారు. దానికి టిన్ లిడ్ గోల్ఫ్ అని వారే పేరు పెట్టుకున్నారు. ఆ ఆట ఆ పిల్లలతోనే ఆగిపోయింది. ఇప్పుడు మనం చూసే రూపానికి కారకుడు ఎడ్ హెడ్రిక్. విసిరి పట్టుకునే ప్లాస్టిక్ పళ్ళెమైన ఫ్రిస్బీని సరిగ్గా నిలకడగా ఎగిరేలా మెరుగుపరచినందుకు 1967లో ఆయనకు పేటెంటు వచ్చింది. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సును వేశారు. అప్పటికి గొలుసుల బుట్ట లేదు. స్తంభానికి తగిలిందా లేదా అన్నదే లెక్క, అందువల్ల వాదులాటలు తప్పేవి కావు. ఆ వాదులాటలను ఆపడానికే ఆయన గొలుసులను వేలాడదీసిన బుట్టను తయారుచేసి 1977లో దానికీ పేటెంటు పొందారు. 2002లో ఆయన చనిపోయిన తరువాత, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోతపోశారు. అస్థికలను గోదావరిలో కలిపే సంప్రదాయంలో పెరిగిన నాకు ఈ సంగతి మొదట వింతగా తోచింది, తరువాత అంత వింతగా తోచలేదు.

మా ఊరికి దక్షిణాన, దక్షిణ కరోలినా సరిహద్దు దాటగానే రాక్ హిల్ అనే పట్టణం ఉంది. అక్కడి విన్‌త్రాప్ విశ్వవిద్యాలయ ఆవరణలో 1999 నుంచి అమెరికా డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. ఒక అక్టోబరులో మా అబ్బాయితో కలిసి చూడడానికి వెళ్ళాను. అదీ విద్యాసంస్థ ఆవరణే, అక్కడా పచ్చికే, అవే గొలుసులు. కాని 18 హోళ్ళ పొడవు కలిపితే సుమారు మూడు కిలోమీటర్లు. పచ్చిక మీద పసుపుపచ్చని తాళ్ళు పరచి హద్దులు గీస్తారు. తాడుకు జానెడు అవతల డిస్కు ఆగినా ఒక విసురు అదనంగా లెక్కకు వస్తుంది. పక్కనే సరస్సు. మనుషులు నాలుగు వందల అడుగుల దూరానికి విసిరి, దానిని చాపంత స్థలంలో దించడం కళ్ళారా చూసిన తరువాత మా అబ్బాయి అడిగిన ప్రశ్న ఒకటే: “అమ్మా, మన కోర్సులో వీళ్ళు ఆడితే ప్రతి హోల్ ఒక్క విసురులో అయిపోతుందా?” కాదని, ఒక్క విసురులో బుట్టలో పడడం వారికి కూడా అరుదేనని చెప్పాను. అయితే వారికి మా కోర్సులో విసుగు పుడుతుందనడంలో సందేహం లేదు. పుడితే పుట్టనీ, వారికి మూడు కిలోమీటర్లు వేరే ఉన్నాయి.

నిరుడు వేసవిలో నాన్నగారు తెనాలి దగ్గరి మా ఊరి నుంచి వచ్చి నాలుగు నెలలు మాతో ఉన్నారు. డెబ్బైకి రెండేళ్ళు తక్కువ. అమెరికా వచ్చిన పెద్దవారి కష్టం అందరికీ తెలిసినదే: కారు నడపలేరు, నడిచి వెళ్ళడానికి చోటు ఉండదు, మాట్లాడడానికి మనిషి ఉండడు. రోజూ సాయంత్రం ఆయనను బడి మైదానానికి తీసుకువెళ్ళేదాన్ని. మొదటి వారం బల్ల మీద కూర్చుని చూశారు. ఎనిమిదవ రోజున లేచి వచ్చి, “ఏదీ, ఇటివ్వమ్మా” అని డిస్కు తీసుకుని, నేను చూపినట్టు ఛాతీ మీదుగా గాక, చేతిని పక్కకు చాచి, మణికట్టును ఒక్క విదిలింపు విదిలించారు. డిస్కు నేలకు మూడడుగుల ఎత్తున, తిన్నగా, నూట ఇరవై అడుగులు పోయింది. ఫోర్‌హ్యాండ్ అనే ఆ విసురు నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

“ఎక్కడ నేర్చుకున్నారు నాన్నగారూ?” అని అడిగాను.

“చెరువులో పెంకులతో కప్పగంతులు వేయించడమేగా తల్లీ ఇది,” అన్నారు. “దాన్ని మాకొకరు నేర్పాలా?”

నిజమే. పగిలిన కుండపెంకును చూపుడువేలు అంచున ఆనించి, నీటికి సమాంతరంగా విసిరి, అయిదు గంతులా ఏడు గంతులా అని లెక్కపెట్టుకున్న చేయి అది. డిస్కులో దానికి కొత్తదనమేమీ లేదు. బుట్ట దగ్గర మాత్రం ఆయనకు ఓర్పు తక్కువ, రెండు విసుర్లలో పోవలసిన చోట నాలుగు పట్టేవి. 27 పార్ గల, అంటే నేర్పరి 27 విసుర్లలో ముగించవలసిన కోర్సులో ఆయన ఉత్తమ స్కోరు 38, నాది 33. ఆ అయిదింటి తేడా అంతా గొలుసుల దగ్గర వచ్చినదేనని ఆయన ఇప్పటికీ వాదిస్తారు. వాన వెలిసిన రోజున అక్కడి ఎర్రమట్టి మా డెల్టా నల్లమట్టికి దీటుగా చెప్పులకు అంటుకునేది. ఆయన పుల్లతో దానిని గీకుతూ, ఈ దేశంలో ఇదొక్కటి మన ఊరిలాగా ఉందనేవారు.

తిరుగు ప్రయాణంలో ఆవకాయ సీసాలు వచ్చిన పెట్టెలో, బుట్ట దగ్గర విసరడానికి వాడే డిస్కును, అంటే ఒక పటర్‌ను పెట్టుకుని వెళ్ళారు. ఊళ్ళో బుట్టలు లేవు కదా అంటే, మొదట్లో అమెరికా వాళ్ళకు మాత్రం ఉన్నాయా అన్నారు. హెడ్రిక్ కథ నేను చెప్పినదే. హైస్కూలు మైదానంలో సెలవురోజులలో పిల్లలను పోగుచేసి, గేటు స్తంభం ఒకటవ హోల్‌గా, వేపచెట్టు రెండుగా, బోరింగు పంపు మూడుగా ఆడిస్తున్నారని మా తమ్ముడు చెప్పాడు. మొన్న ఆదివారం ఫోన్ చేసి, వచ్చేవారెవరైనా ఉంటే ఇంకొక డిస్కు పంపమని, ఈసారి కాస్త తేలికపాటిది చూడమని అన్నారు. మొదటిది చివర్లో ఎడమకు వంగి తరగతి గదుల డాబా మీద పడిందట; అక్కడికి చేరే నిచ్చెన హెడ్మాస్టరు గదిలో తాళం వేసి ఉందట.