అనంతపురం ఎండల్లో యాక్సోలాటిల్ పిల్లలు

మా ఇంట్లో ఇప్పుడు ఆరు యాక్సోలాటిల్ పిల్లలున్నాయి, ఒక్కోటి చిటికెనవేలంత కూడా లేదు. యాక్సోలాటిల్ అంటే నీళ్లలోనే బతికే, బల్లిలా కనిపించే ఉభయచరం. వీటి సొంతూరు మెక్సికో సిటీలోని సోచిమిల్కో, చల్లనీళ్ల జీవులు, 16 నుంచి 18 డిగ్రీలైతే హాయిగా ఉంటాయి, మన అనంతపురంలో ఏప్రిల్ వచ్చిందంటే బయట 40 దాటుతుంది కదా, అందుకే చిల్లర్ (నీళ్లను చల్లబరిచే మిషన్) లేకుండా వీటిని తెచ్చుకోవద్దని గట్టిగా చెప్తున్నా. కరెంటు పోతే ఐసు కట్టిన వాటర్ బాటిల్ నీళ్లలో వేస్తా.

మొదట్లో అన్నిటినీ ఒకే టబ్బులో వేశా, తప్పు నాదే. పొద్దున చూస్తే ఒకదానికి ముందుకాలు లేదు, పక్కది కొరికేసింది, ఈ వయసులో కదిలేదల్లా తిండే వీటికి. ప్రాణం ఉసూరుమంది. అప్పట్నుంచి ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ డబ్బా. ఆ కాలు మళ్లీ మొలుస్తోంది, ముందు చిన్న మొగ్గలా వచ్చి ఇప్పుడు వేళ్లు విడిపోతున్నాయి, ఎంతసేపు చూసినా తనివి తీరదు.

తిండికి ఇంట్లోనే ఉప్పునీళ్లలో పొదిగించిన ఆర్టీమియా (రొయ్యల్లాంటి బుల్లి జీవులు), వడగట్టి మంచినీళ్లతో కడిగి రోజుకు రెండుసార్లు. కొంచెం పెరిగాక వానపాముల్ని సన్నగా తరిగి పెట్టాల. మిగిలింది కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది, అందుకే రోజూ నీళ్లు మొత్తం మారుస్తా, క్లోరిన్ తీసేసి, ముందే చల్లబెట్టుకున్న నీళ్లే పోస్తా. అడుగున గులకరాళ్లు మాత్రం వద్దు, మింగేస్తాయి.