మా గుడి పుస్తకాలతో ఒక ఏడాది

2024 నవంబరు 24, క్రీస్తురాజు పండుగ. గుడి లెక్కలో ఏడాదికి అదే చివరి ఆదివారం. పూజ అయ్యాక అందరూ ఇళ్లకు బయల్దేరుతుంటే ఫాదర్ గారు నన్ను ఆగమన్నారు. "అమ్మా, డ్వాక్రా సంఘాల పుస్తకాలు నువ్వే కదా రాస్తావు. గుడి పుస్తకాలు కూడా ఒక ఏడాది చూసిపెట్టు" అన్నారు. అప్పటిదాకా రాసిన ఉపదేశి గారికి (ఊళ్లో మత పాఠాలు చెప్పే ఆయనకి) చూపు బాగా తగ్గిపోయింది. కానుకల లెక్క, కరెంటు బిల్లు, పండగ ఖర్చులు రాయాలి కాబోలు, ఆ మాత్రం చెయ్యగలను అనుకుని సరేనన్నాను.

మా ఊరు విశాఖపట్నం జిల్లాలో పద్మనాభం వైపు. ఆనందపురం దాటి లోపలికి వస్తే జీడిమామిడి, సరుగుడు తోటల మధ్య ఉంటుంది. మా విచారణ కింద, అంటే మా ఫాదర్ గారు చూసుకునే ప్రాంతంలో, మా ఊరితో కలిపి ఐదు ఊళ్లు. ఆదివారం పూజ మా ఊళ్లో. మిగతా ఊళ్లకు ఫాదర్ గారు నెలకోసారి బండి మీద వెళ్లి పూజ చేసి వస్తారు. వయసులో ఉన్నవాళ్లు సగం మంది ఊళ్లో ఉండరు. గాజువాక కంపెనీల్లోనో, హైదరాబాద్, చెన్నై కట్టుబడి పనుల్లోనో ఉంటారు.

మర్నాడు సాయంత్రం ఫాదర్ గారు గుడి వెనక గదిలో బీరువా తీశారు. డబ్బు లెక్కల పుస్తకం ఒక్కటే. మిగతావన్నీ పేర్ల పుస్తకాలు: జ్ఞానస్నానాలవి (బాప్తిస్మాలు), భద్రమైన అభ్యంగనానివి (పెద్దయ్యాక విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం), పెళ్లిళ్లవి, మరణాలవి. పాతవి లాటిన్‌లో ఉన్నాయి. 'ఫీలియా' అంటే కూతురు, 'నాతా' అంటే పుట్టింది అని ఫాదర్ గారు వేలు పెట్టి చూపించారు. 1846లో ఆల్ప్స్ కొండల పక్కనున్న అనెసీ అనే ఊరి నుంచి సేల్సు ఫ్రాన్సిస్ సభ గురువులు విశాఖపట్నం వచ్చారు. 1886లో విశాఖ మేత్రాసనం (బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) అయింది, 2001లో అగ్రమేత్రాసనం (ఆర్చిబిషప్ గారిది). ఇవన్నీ చిన్నప్పుడు ఉపదేశంలో బట్టీ పట్టినవే. ఆ రోజు మా వీధి పేరూ, మా తాతల ఇంటిపేరూ ఆ వంకర అక్షరాల్లో కనిపించేసరికి వెంటనే పేజీ తిప్పలేకపోయాను.

జ్ఞానస్నాన పుస్తకంలో ఒక్కో మనిషికి ఒక్కో వరస. పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, పేరు, తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు, స్నానం ఇచ్చిన గురువు. చివర ఒక ఖాళీ గడి. ఆ మనిషి ఎక్కడ పెళ్లి చేసుకున్నా అక్కడి గుడి నుంచి మాకు కాగితం రావాలి, ఆ సంగతి మేం ఆ గడిలో ఎక్కించాలి. మనిషి ఎంత దూరం పోయినా అతని వరస మాత్రం మా బీరువాలోనే ఉంటుందన్నమాట. బీరువా అడుగున ఒక పెద్ద కవరు ఉంది. అందులో చెన్నై నుంచి, భిలాయ్ నుంచి, సికింద్రాబాద్ నుంచి ఏళ్ల తరబడి వచ్చిన కాగితాలు ఎక్కించకుండా మిగిలిపోయి ఉన్నాయి. నా పని ఏమిటో అప్పుడు అర్థమైంది.

డిసెంబరు 1న ఆగమన కాలంతో, అంటే క్రిస్మస్‌కి ముందు వారాలతో, గుడి కొత్త ఏడాది మొదలైంది. 8న రాస్‌హిల్ మరియమాత పండక్కి రెండు ఆటోల్లో వెళ్లాం. విశాఖ హార్బరు పక్కన ఆ మూడు కొండలూ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. ఒకదాని మీద మాత గుడి, ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా. క్రిస్మస్‌కి పశువులపాక కొత్త గడ్డితో కట్టాం. కోతలు అప్పుడే అయ్యాయి కాబట్టి మా వైపు పాకలో గడ్డి ఎప్పుడూ పచ్చి వాసన వేస్తుంది. ఇంటింటా అరిసెలు, పోకుండలు. ఊరు నిండా మనుషులు. నేనైతే పుస్తకం పట్టుకుని ఆ కవరులో పేర్లున్నవాళ్ల ఇళ్లకు తిరిగాను. "మీ అమ్మాయి పెళ్లి ఫలానా గుడిలోనేనా, తేదీ ఇదేనా?" అని అడిగి సరిచూసుకుని ఎక్కించాను. పేరు సరిపోల్చడమే పెద్ద పని. మా దగ్గర బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు, ఇంట్లో పిలిచేది ఇంకొకటి.

అసలు పరీక్ష సంక్రాంతి తర్వాత వచ్చింది.

చెన్నైలో పనిచేసే మా ఊరి కుర్రాడికి శ్రీకాకుళం వైపు సంబంధం కుదిరింది. అమ్మాయి వాళ్ల గుడిలో పెళ్లి. జ్ఞానస్నాన సర్టిఫికెట్, అదీ ఆరు నెలల లోపు రాయించినది, కావాలని వాళ్ల ఫాదర్ గారు అడిగారు. మార్చి 5న విభూతి బుధవారం, ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలం మొదలయ్యే రోజు. తపస్సు కాలంలో మా దగ్గర పెళ్లిళ్లు చెయ్యరు, కుర్రాడికి ఈస్టర్ తర్వాత సెలవు దొరకదు. అంటే ఈలోపే అవ్వాలి. దానికి ముందు రెండు గుళ్లలోనూ మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదవాలి.

పుస్తకం తీశాను. అతని పేరు లేదు. 1997, 98 సంవత్సరాల పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి అట్టముక్కలా ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు గుడి పెంకులు లేచిపోయి ఈ గది తడిసిపోయింది. అప్పుడు మేమందరం పుస్తకాలను వరండాలో పరిచి, పేజీకీ పేజీకీ మధ్య పాత పేపర్లు పెట్టి ఆరబెట్టాం. ఈ పేజీలు మాత్రం మిగిలిపోయాయి. చీపురుపుల్లతో మెల్లగా విడదీయబోతే సిరా పొరలా లేచి వచ్చేస్తోంది. ఇంకొంచెం లాగితే వేరేవాళ్ల పేర్లు కూడా పోతాయని వదిలేశాను. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. కుర్రాడి తల్లి పోయి చాలా ఏళ్లయింది, తండ్రికి తేదీ గుర్తు లేదు.

ఫాదర్ గారు కంగారు పడలేదు. జ్ఞానస్నానం జరిగిందని చెప్పడానికి, ఎవరికీ నష్టం లేని విషయమైతే, నమ్మదగిన ఒక్క సాక్షి మాట చాలని శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టంలోనే ఉందట. "జ్ఞానతల్లి ఉందా?" అని అడిగారు. ఉంది. కొత్తవీధి మామ్మ. కర్ర పట్టుకుని తనే నడిచి వచ్చింది.

"నాను మర్సిపోతానేటి పాపా? ఆ యేడు జెండా పండక్కి బడి కాడ యాబయ్యేళ్లయిందని పిల్లలకి మిఠాయిలు పంచారు. ఆ రోజే మరియమ్మ పండగ గదా. ఆ పొద్దుటే ఈడికి తానం ఇచ్చారు."

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లు అంటే 1997 ఆగస్టు 15. మాత మోక్షారోపణ పండుగ (మరియమాత మోక్షానికి చేరిన పండుగ) కూడా అదే రోజు. తేదీ దొరికింది. నేను రాసుకుంటుంటే మామ్మ ఇంకో మాట చెప్పింది.

"అంతకి నెల ముందే నా గుంట పోయింది. తానం కూడా అవ్వనేదు. సేతులు ఖాళీగా ఎట్టుకు కూకుంటే ఈడి తల్లే వచ్చి, వదినా నువ్వే ఎత్తుకోవాల అని ఒల్లో పెట్టింది."

మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. మామ్మ చెప్పిన ఆ మాట కాగితం మీదకి ఎక్కేది కాదు. తేదీ, గుడి, బిడ్డ పేరు, తను జ్ఞానతల్లినన్న సంగతి మాత్రం రాసి చదివి వినిపించాను. మామ్మ వేలిముద్ర వేసింది. ఆ కాగితం పట్టుకుని విశాఖలో మేత్రాసన కార్యాలయానికి రెండుసార్లు తిరిగాను. తర్వాత కొత్త పేజీలో అతని వరస రాసి, చివర 'సాక్ష్యం మీద రాసినది' అని పెట్టాం. ఫిబ్రవరి 9, 16, 23 తేదీల్లో ప్రకటనలు చదివారు. మార్చి 1న పెళ్లి. తర్వాత వారమే వాళ్ల గుడి నుంచి కాగితం వచ్చింది, వచ్చిన రోజే ఎక్కించాను.

విభూతి బుధవారం నుదుట పెట్టే బూడిద కోసం పోయిన ఏడాది మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) నాటి ఈత ఆకులన్నీ ఇళ్ల నుంచి తెప్పించాం. గోడకి, దూలానికి, సిలువ వెనక దోపి ఉంచినవి. ఇనప మూకుట్లో వేసి అంటిస్తే చిటపటమని ఒక్క మంటలో అయిపోయాయి. గంపెడు ఆకులకు మిగిలింది గుప్పెడు నుసి. దాన్ని పాత చీర గుడ్డలో జల్లెడ పట్టాను. గోళ్లలో దూరిన నలుపు మూడు రోజులు పోలేదు.

తపస్సు కాలం శుక్రవారాలు సిలువ మార్గం, పద్నాలుగు స్థలాలు. శుభ శుక్రవారం నాడు మాత్రం ఊరంతా తిరిగి జీడితోట గట్టు దాకా నడుస్తాం. పవిత్ర గురువారం రాత్రి నుంచి గంట కొట్టరు, చెక్క గిలక తిప్పుతారు. ఆ పొడి చప్పుడుకి పిల్లలు కూడా మాట్లాడకుండా నడిచారు. ఏప్రిల్ 18, ఎండ మండిపోతోంది. రామకోవెల వీధి మలుపులో ప్రతి ఏడూ లాగే మజ్జిగ కుండ పెట్టారు. ఉపవాసం ఉన్నవాళ్లకి అని ఉప్పు, అల్లం వేసి పల్చగా చేస్తారు. ఎప్పుడు మొదలైందో గానీ నా చిన్నప్పటి నుంచీ ఉంది. శ్రీరామనవమికి మా వీధి వాళ్లం పానకానికి బెల్లం ఇస్తాం.

19 రాత్రి పాస్కా జాగరణలో (ఈస్టర్ ముందు రాత్రి పూజలో) ఫాదర్ గారు పెద్ద కొవ్వొత్తి మీద సిలువ గీసి, దాని చుట్టూ 2, 0, 2, 5 అని నాలుగు అంకెలు గీశారు. జూబిలీ సంవత్సరం అని చెప్పారు. పెద్దవాళ్లు ముగ్గురు జ్ఞానస్నానం తీసుకున్నారు. ఆ పేర్లు రాస్తుంటే తెల్లవారుజాము రెండయింది. సోమవారం మధ్యాహ్నం, పండగ అలసట తీరకముందే, ఫ్రాన్సిస్ పోపు గారు పోయారని ఫోన్లలో వార్త. సాయంత్రం గంట నెమ్మదిగా కొట్టించారు. ప్రతి పూజలోనూ పోపు గారి పేరు చెప్పి ప్రార్థిస్తారు కదా, ఆ తర్వాత కొన్ని రోజులు అక్కడ పేరు లేదు. ఫాదర్ గారు ఆ చోటుకి వచ్చి, చదవకుండా దాటి వెళ్తుంటే గుండెలో ఏదో తగిలేది. మే 8 రాత్రి, కొత్త పోపు గారిని ఎన్నుకున్నారనడానికి గుర్తుగా, రోములో తెల్ల పొగ వచ్చింది. ఎన్నుకున్నవాళ్లలో మన హైదరాబాద్ పూల ఆంథోని కార్డినల్ గారు కూడా ఉన్నారని మా ఊళ్లో అందరికీ గొప్పగా ఉంది. మర్నాటి పూజలో లియో అనే పేరు విన్నాం.

వానాకాలంలో చెప్పుకోవలసింది తక్కువ. ఊడ్పుల వల్ల పూజ ఆరు గంటలకే. పది, పదిహేను మంది. కానుకల పళ్లెంలో చిల్లర. వచ్చినవాళ్లు మాత్రం కాళ్ల మట్టి గుమ్మంలో కడుక్కుని వచ్చి మోకరించేవాళ్లు. కవరులోని కాగితాలు నేను పూర్తిగా ఎక్కించింది ఆ నెలల్లోనే. ఆగస్టు 15న జెండా ఎగరేసి, మాత పండగ పూజ చేసుకున్నాం. మామ్మ ముందు వరసలో కూర్చుంది.

అక్టోబరు ఆఖరున మొంథా తుఫాను హెచ్చరిక రాగానే నాకు హుద్‌హుదే గుర్తొచ్చింది. పుస్తకాలన్నీ యూరియా సంచుల్లో చుట్టి, కొబ్బరితాడుతో కట్టి, మా డాబా ఇంటి అటక మీద పెట్టాను. 28 రాత్రి అది నరసాపురం వైపు తీరం దాటింది గానీ వాన మాత్రం మమ్మల్నీ వదల్లేదు. గుడి నిలబడింది. సమాధుల దొడ్లో మట్టి కోసుకుపోయి, పాత సిలువలు కొన్ని ఒరిగాయి. నవంబరు 2న సమాధుల పండుగ. మగవాళ్లు పారలు పట్టుకుని రెండు రోజులు పనిచేశారు. ఆనందపురం మార్కెట్ నుంచి బంతిపూలు తెచ్చాం.

ఆ పండుగ నాడు ఫాదర్ గారు చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. ఆ జాబితా మరణాల పుస్తకం చూసి నేను రాస్తున్నాను. శుక్రవారం సాయంత్రం, బురదలో కర్ర ఊనుకుంటూ మామ్మ వచ్చింది.

"అందులో నా గుంట పేరుందేటి పాపా?"

లేదు. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. "పేరేంటి మామ్మా?" అన్నాను.

"పేరు ఎట్టనేదు. గుళ్లోనే ఎడదామని ఆగాం. మనసులో మరియ అనుకున్నాను."

లోపలికి వెళ్లి ఫాదర్ గారిని అడిగాను. స్నానం ఇప్పిద్దామనుకున్న బిడ్డ ఆలోపే పోతే, మేత్రాణుల (బిషప్ గారి) అనుమతితో ఆ బిడ్డకు గుడి అంత్యక్రియలే చెయ్యవచ్చని చెప్పారు. "పేరు చదవడానికి నన్ను అడగక్కర్లేదమ్మా, రాయి" అన్నారు.

ఆదివారం సాయంత్రం తడి నేల మీద కొవ్వొత్తులు నిలబడక పిల్లలు ఇసుక పోసి నిలబెడుతున్నారు. పేర్లు చాలా ఉన్నాయి. చదవడానికి చాలాసేపు పట్టింది. మరియ అనీ, తర్వాత తల్లిదండ్రుల పేర్లూ చదివినప్పుడు మామ్మ తల ఎత్తి నా వైపు చూసింది. ఆ బిడ్డను పెట్టిన చోటు వాన్ల పాలై ఎప్పుడో పోయింది. మామ్మ తన కొవ్వొత్తిని మధ్యలో ఉన్న పెద్ద సిలువ మొదట్లో పెట్టి, గాలికి ఆరిపోకుండా పైట కొంగు అడ్డం పట్టుకుని, అది పూర్తిగా కరిగేదాకా అక్కడే కూర్చుంది.