గడి లేని ఫారం

మేము అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెట్టాలో ఉంటాం. అమ్మాయి కాలేజీకి వెళ్లే ఏడాది జార్జియా రాష్ట్రం మాజీ గవర్నరు పేరున ఇచ్చే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాం. రాష్ట్ర వెబ్‌సైటులో ఖాతా తెరిచి, సోషల్ సెక్యూరిటీ నంబరు, గ్రీన్‌కార్డు వివరాలు, జార్జియాలో ఎప్పటినుంచి ఉంటున్నామన్నది నింపాం. అరగంట పని.

చిక్కంతా మార్కుల దగ్గర వచ్చింది. బడి లెక్కలో అమ్మాయి జీపీఏ, అంటే మార్కుల సగటు, 4 దాటింది. రాష్ట్రం లెక్కలో 3.74! ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘికం, విదేశీ భాష తప్ప మిగతావి లెక్కలోకి రావట. తను ప్రాణం పెట్టి వాయించిన వయొలిన్ క్లాసు గాలికి పోయింది. ఆనర్స్ అనే కఠినమైన క్లాసులకు బడి కలిపిన అదనపు పాయింట్లూ పోయాయి. కావలసింది 3.7. కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో కావలసిన 1200 ముందే దాటింది కాబట్టి గట్టెక్కాం.

పంపేముందు ఫారం మళ్లీ చదువుతుంటే తట్టింది: మీ ఆదాయమెంత అని అడిగే గడి ఎక్కడా లేదు. దీనికి మూలమైన హోప్ స్కాలర్‌షిప్‌ను 1993లో మొదలుపెట్టినప్పుడు కుటుంబ ఆదాయం 66 వేల డాలర్లు మించకూడదనే షరతు ఉండేది. మరుసటి ఏడు దాన్ని లక్ష చేశారు, 1995లో పూర్తిగా ఎత్తేశారు. అది ఉండి ఉంటే, ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మాకు పైసా రాదు.

ఈ స్కాలర్‌షిప్ డబ్బంతా రాష్ట్ర లాటరీది. నేను పెట్రోలు పోయించుకునే చోట పొద్దున్నే లాటరీ టికెట్ల క్యూలో నిలబడేది మా వీధివాళ్లు కారు. ఒకరోజు నా ముందు సిమెంటు మరకల బూట్లతో ఒకాయన గీకుడు టికెట్లు అయిదు కొన్నాడు. కౌంటరు మీదే నాణెంతో గీకి, పొడి ఊది, అయిదూ చెత్తబుట్టలో వేసి వెళ్లిపోయాడు. ఆయన పిల్లలకు 3.7 వస్తుందో రాదో. మా అమ్మాయి శాట్ కోచింగుకు మేము పెట్టిన ఖర్చు మాత్రం నాకు తెలుసు.

మా స్నేహితుడి కొడుక్కి ఇంతకంటే మంచి మార్కులు. కానీ ఉద్యోగ వీసాపై వచ్చినవాళ్ల కుటుంబానికిచ్చే హెచ్4 వీసా కావడంతో అర్హత లేదు. ఆ స్నేహితుడి ముందు ఈ సంగతి ఎత్తను.

వద్దనుకున్నామా అంటే, లేదు. తీసుకున్నాం. ఆగస్టులో బిల్లు వచ్చింది. కాలేజీ ట్యూషన్ ఫీజుకు ఎదురుగా మాజీ గవర్నరు పేరు, పక్కన మైనస్ గుర్తు. టికెట్లు కొన్నవాళ్ల ఊసే లేదు. హాస్టలు, భోజనం మాత్రం మేమే కట్టుకున్నాం.