పాల దగ్గరే తేలిపోయింది

శనివారం, రాత్రి పదకొండున్నర

కేఫ్‌లో కుర్చీలు బల్లల మీదికి ఎత్తేశారు, నేల ఇంకా తడిగా ఉంది. సాయంత్రం లాటే ఆర్ట్ త్రోడౌన్, అంటే కాఫీ మీద పాల నురగతో డిజైన్లు పోసే నాకౌట్ పోటీ, జరిగింది. 16 మంది బరిస్టాలు (కాఫీ చేసేవాళ్లు), 15 పోటీలు, 30 కప్పులు. కప్పులు కళ్లముందు మెదులుతుండగానే రాసుకోవాలి. రేపటికి డిజైన్లు మాత్రమే గుర్తుంటాయి, అవి ఎందుకు కుదిరాయో ఎందుకు చెదిరాయో మరుగున పడిపోతుంది.

పద్ధతి మామూలే. చీటీలు తీసి జతలు కట్టారు. ఒకే మెషిన్ మీద ఇద్దరూ ఒకేసారి నిలబడి, 3 నిమిషాల్లో చెరో కప్పు పోయాలి. హార్టా, ట్యులిప్పా (దొంతర పొరల పువ్వు), రోసెట్టానా (ఈనె ఉన్న ఆకు), లేక ఎవరికి నచ్చింది వాళ్లు పోయడమా అన్నది పాచిక చెబుతుంది. కప్పులు రెండూ పిడి కుడివైపు ఉండేలా పక్కపక్కన పెడతారు, ఏది ఎవరిదో న్యాయనిర్ణేతలకు తెలియదు. ఒకటి, రెండు, మూడు అనగానే ముగ్గురూ ఒక్కసారే వేలు చూపిస్తారు. అంతే, ఒకరు ముందుకి, ఒకరు పక్కకి.

చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లన్నీ పోసే చేతి మీదే ఉంటాయి. కానీ ఇవాళ చెదిరిన కప్పుల్లో ఎక్కువ భాగం పోయకముందే, పాలల్లోకి ఆవిరి పంపే మెషిన్ గొట్టం, అంటే స్టీమ్ వాండ్ కిందే చెదిరాయి. పాలు సరిగ్గా రాకపోతే ఎంత చేయి తిరిగినవాళ్లయినా చేయగలిగింది తక్కువ.

ఆ పని మొత్తం అరనిమిషం లోపే అయిపోతుంది. 450 మిల్లీలీటర్ల పిచర్‌లో (ముక్కున్న స్టీలు జగ్గు) 200 మిల్లీలీటర్ల చల్లటి పాలు. ముందు వాండ్‌ని ఓసారి తెరిచి, లోపల నిలిచిన నీటిని బయటికి కొట్టించాలి, లేకపోతే ఆ చెంచాడు నీళ్లూ పాలల్లోకే పోతాయి. వాండ్ కొనని నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి, పాల ఉపరితలానికి ఒక్క పిసరు కింద ఉంచి, వాల్వ్ పూర్తిగా తిప్పాలి. పిచర్‌ని వెంట్రుకవాసి దించితే కాగితం చింపినట్టు చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపే గాలి లోపలికి పోతున్నట్టు లెక్క. లాటేకి 3, 4 సెకన్లు చాలు. ఆ తర్వాత పిచర్‌ని కాస్త పైకెత్తి కొనని లోపలికి ముంచితే చప్పుడు ఆగి పాలు సుడి తిరుగుతాయి. పెద్ద బుడగల్ని చీల్చి కంటికి కనపడనంత చిన్నవిగా చేసేది ఆ సుడే. పిచర్ అడుగు అరచేతికి గోరువెచ్చగా తగిలేలోపు, అంటే దాదాపు 37 డిగ్రీలకి, గాలి పని ముగిసిపోవాలి. దాని తర్వాత దూరిన గాలి పాలల్లో కలిసిపోవడానికి సుడికి టైమ్ చాలదు, పైన బుడగలుగా నిలిచిపోతుంది. 60 దగ్గర ఆపేయాలి. 70 దాటితే పాలలోని ప్రోటీన్లు విరిగి నురగ గరుకవుతుంది, కాచిన పాల వాసన వస్తుంది, తీపి తగ్గుతుంది.

మొదటి రౌండులో నాలుగు కప్పుల్లో తెల్లటి ముద్దలు తేలడానికి కారణం వెతికితే కౌంటర్ మీదే దొరికింది. పాల ప్యాకెట్లు కత్తిరించి జగ్గులో పోసి, ఫ్రిజ్‌లో పెట్టకుండా అక్కడే ఉంచేశారు. 4 డిగ్రీల పాలు 37కి రావాలంటే 33 డిగ్రీలు ఎక్కాలి. అవే పాలు హైదరాబాద్ వేసవి సాయంత్రం కౌంటర్ మీద 20కి చేరితే, ఎక్కాల్సింది 17 మాత్రమే. గాలి పట్టించి, సుడి తిప్పే వ్యవధి సగానికి సగం పడిపోయిందన్నమాట. బరిస్టా చేయి అలవాటు కొద్దీ పాత లెక్కలోనే గాలి పట్టించింది, సుడికి టైమ్ మిగల్లేదు. రెండో రౌండు నుంచి జగ్గు, ఖాళీ పిచర్లు అన్నీ ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. తేడా అప్పటికప్పుడే కనపడింది.

ఇంకొకటి బాయిలర్. ఇద్దరూ ఒకేసారి వాండ్లు తెరిస్తే, చిన్న బాయిలర్ ఉన్న మెషిన్‌లో ప్రెషర్ జారిపోతుంది. గేజ్ మీద 1.2 బార్ నుంచి ముల్లు కిందికి వంగడం కనపడుతూనే ఉంది. ఆవిరి బలం తగ్గి తడి పెరుగుతుంది, సుడి నీరసంగా తిరుగుతుంది. అది గమనించిన ఒక అమ్మాయి సెమీఫైనల్లో పక్కవాడు వాండ్ మూసేదాకా ఐదారు సెకన్లు ఆగి, అప్పుడు మొదలుపెట్టింది. 3 నిమిషాల్లో ఆ ఐదారు సెకన్లు పెద్ద లెక్కలోకి రావు. చాలా తెలివైన పని.

పాల రకం గురించి పోటీకి ముందే వాదన నడిచింది. మన ప్యాకెట్లలో టోన్డ్ అంటే 3 శాతం వెన్న, స్టాండర్డైజ్డ్ 4.5, ఫుల్ క్రీమ్ 6. టోన్డ్ పాలు చిటికెలో నురగెత్తుతాయి. కానీ ఆ నురగ త్వరగా పొడిబారి పాల నుంచి విడిపోతుంది. ఫుల్ క్రీమ్ నురగ బరువుగా, మెరుస్తూ, నిదానంగా జారుతుంది. ట్యులిప్ పొరలు దొంతరగా నిలవడానికి అది బాగుంటుంది, రోసెట్టా సన్నటి ఆకులకి మాత్రం కాస్త మందం. మధ్యలో ఉన్న 4.5 శాతం పాలతోనే పోటీ పెట్టాం, అదే సరైనదని ఇప్పటికీ అనిపిస్తోంది. ఏ రకమైనా పాలు తాజాగా ఉండాలి. ఎండలో, వ్యాన్‌లో నలిగిన ప్యాకెట్ పాలల్లో కొవ్వు విరగడం మొదలై, విరిగిన ఆ కొవ్వు నురగని తినేస్తుంది. పాలు చూడ్డానికి బాగానే ఉంటాయి, రుచికీ తేడా తెలియదు, కానీ ఎంత గాలి పట్టించినా నిలవదు.

షాట్, అంటే పాలు పోయకముందు కప్పులో ఉండే చిక్కటి ఎస్ప్రెస్సో కాఫీ గురించి చెప్పడానికి తక్కువే ఉంది. 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 27 సెకన్లు. అరకు అరబికా గింజలు, మీడియం రోస్ట్, వేయించి పది రోజులు. మరీ తాజా గింజలైతే లోపలి వాయువు ఎక్కువై క్రీమా, అంటే షాట్ పైన తేలే గోధుమరంగు నురగ, బుడగలు బుడగలుగా ఉబ్బుతుంది. మరీ పాతవైతే క్రీమా పల్చబడి తెలుపుకి వెనక ముదురు రంగు దొరకదు. షాట్ నొక్కి, వెంటనే పాలు మొదలుపెడితే రెండూ ఇంచుమించు ఒకేసారి అయిపోతాయి. షాట్‌ని నిమిషం నిలబెడితే క్రీమా అంచుల దగ్గర ఆరిపోతుంది. పాలని నిలబెడితే అంతకంటే నష్టం. 20 సెకన్లలోనే నురగ పైకి, పాలు కిందికి విడిపోవడం మొదలవుతుంది. అందుకే పిచర్‌ని పోసేదాకా గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి. ఉపరితలం తడి పెయింట్‌లా మెరుస్తుంటే పాలు సిద్ధమైనట్టు.

ఇక ఇవాళ్టి రోసెట్టాల్లో అందరికంటే బాగా కుదిరిన కప్పు. అదే అమ్మాయిది, సెమీఫైనల్లో. కప్పుని పిచర్ వైపు వంచి, క్రీమాని ఓసారి తిప్పి, నాలుగు వేళ్ల ఎత్తు నుంచి సన్నటి ధారతో మొదలుపెట్టింది. ఎత్తు నుంచి పడే ధార క్రీమాని చీల్చుకుని అడుక్కి పోతుంది, పైన తెలుపు కనపడదు. గోధుమరంగు నేల చెదరకుండా కప్పు సగం నిండింది. అక్కడ ధార ఆపకుండా పిచర్ ముక్కుని కాఫీకి తగిలేంత కిందికి దించి, ధార పెంచింది. ధార దగ్గర్నుంచి పడగానే నురగ మునగదు, తేలుతుంది. తెల్లటి చుక్క కనపడిన క్షణం నుంచి మణికట్టుతో కుడికీ ఎడమకీ ఒకే తూకంలో ఊపుతూ, పిచర్‌ని తనవైపు లాక్కుంటూ, కప్పుని నిదానంగా నిటారు చేస్తూ వచ్చింది. ఆకులు ఒకదాని వెనక ఒకటి విచ్చుకున్నాయి, కుడి పదకొండు, ఎడమ పదకొండు. అంచు దగ్గర ఒక చిన్న హార్ట్. అప్పుడు ముక్కుని రెండు వేళ్ల ఎత్తుకి లేపి, ధారని దారంలా సన్నం చేసి, నడుమ గుండా ఒక్క గీత. ఆ గీతే ఈనె.

పక్కవాడి రోసెట్టా ఆకులు మొదట్లో ఇంతకంటే సన్నం. కానీ ఈనె గీసేటప్పుడు ముక్కు లేపలేదు. కిందే ఉన్న ధార నురగని తనతో ఈడ్చుకుపోయి ఆకులన్నిటినీ నడిమికి లాగేసింది. ముగ్గురి వేళ్లూ ఒకే కప్పు వైపు.

ముగ్గు వేసే చేతిని దగ్గరగా చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. వేళ్ల మధ్య నుంచి పిండి జారే వేగం, చేయి కదిలే వేగం రెండూ కలవాలి. చేయి ముందుపోతే గీత తెగుతుంది, పిండి ముందుపోతే గీత ముద్దవుతుంది. పాల ధారకీ అదే లెక్క. మన వీధుల్లో అరవై ఏళ్లు ముగ్గులు వేసిన చేతులకి పిచర్ ఇస్తే ఎలా ఉంటుందో చూడాలని ఎప్పట్నుంచో కోరిక.

వేలు చూపించేముందు చూసేవి ఇవి. తెలుపు, గోధుమ రంగుల మధ్య హద్దు తెగినట్టు ఉందా. రెండు పక్కలా సమానమా. డిజైన్ కప్పు నడిమధ్యన, తాగేవాళ్ల వైపుకి తిరిగి ఉందా. కప్పు అంచుదాకా నిండిందా. బుడగ ఒక్కటి ఉన్నా కంటికి కొడుతుంది. రెండూ సమానంగా ఉన్నప్పుడే కష్టమైన డిజైన్‌కి మొగ్గు. తడబడిన స్వాన్ (హంస) కంటే శుభ్రమైన హార్ట్ గెలవాలి, ఇవాళ ఒక పోటీలో గెలిచింది కూడా. ఆ నిర్ణయం మీద గుసగుసలు వినపడ్డాయి కానీ అది న్యాయమే. ప్రపంచ లాటే ఆర్ట్ చాంపియన్‌షిప్‌లో ఇంకో మెట్టు ఉంటుంది. ఒకే డిజైన్‌ని రెండు కప్పుల్లో అచ్చు గుద్దినట్టు పోయాలి, ముందే ఇచ్చిన ఫొటోతో అవి సరిపోవాలి. 1980ల చివర్లో, 90ల మొదట్లో అమెరికాలోని సియాటెల్‌లో డేవిడ్ షోమర్ లాంటి కాఫీవాళ్లు హార్ట్, రోసెట్టా పోయడాన్ని జనంలోకి తెచ్చినప్పటి నుంచి ఇక్కడిదాకా వచ్చింది ఈ పని.

ఓడిన కుర్రాళ్లలో ఒకడు వెళ్తూ అడిగాడు: “అన్నా, రోజూ ప్రాక్టీస్‌కి అన్ని పాలు ఎక్కడ్నుంచి తేవాలి?” పాలు అక్కర్లేదు. పిచర్‌లో చల్లటి నీళ్లు, అందులో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. స్టీమ్ చేస్తే దాదాపు పాలలాగే సుడి తిరిగి మెరుస్తుంది. కప్పులో చెంచా కోకో పౌడర్ నీళ్లలో కలిపి షాట్ బదులు పెట్టుకుంటే చేతి ఊపుకి సరిపోతుంది. తర్వాత పిచర్‌ని మూడుసార్లు కడగాలి, సబ్బు పొర మిగిలితే మర్నాడు అసలు పాలు నురగ పట్టవు.

వాండ్ల చివరి రంధ్రాల్లో పాలు ఎండిపోయాయి. ఒకదానికి నాలుగు రంధ్రాల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది, ఆఖరి రౌండ్లలో ఎడమవైపు వాళ్లకి సుడి వంకరగా తిరగడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది. ఇకమీదట ప్రతి జతకీ మధ్య రెండు కొనలూ సూదితో పొడిచి చూడాలి. ప్రస్తుతానికి రెండూ విప్పి వేడినీళ్లలో నానేశాం, పొద్దున ఏడింటికి బిగించాలి.