డిస్‌ప్లే రాని నాలుగు రోజులు

విజయవాడలో ఒక జూనియర్ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్న నేను, అరవై వేల రూపాయల లోపు ఆటలకు పనికివచ్చే కంప్యూటరును సొంతంగా బిగించుకోవాలని ఈ వేసవి సెలవుల్లో పూనుకున్నాను. నిన్న రాత్రికి గానీ అది వెలగలేదు. కోపం చల్లారకముందే జరిగినది రాసిపెడుతున్నాను.

విడిభాగాల ఎంపికకు రెండు సాయంత్రాలు చాలాయి. 1080పీ తెర మీద ఆట సాఫీగా సాగడం ప్రాసెసర్ పేరు కన్నా తెర మీది బొమ్మలను గీసే గ్రాఫిక్స్ కార్డు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది కనుక, డబ్బులో మూడో వంతు పైగా 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600 కార్డుకే కేటాయించాను. ప్రాసెసర్‌గా ఆరు కోర్ల రైజెన్ 5 5600ను, ర్యామ్‌గా 8 జీబీవి రెండింటిని తీసుకున్నాను. "ఐ7 ప్రాసెసర్ వేయించుకోండి సార్, కార్డు చిన్నదైనా సరిపోతుంది" అని గవర్నరుపేటలో ఇద్దరు దుకాణదారులు చెప్పారు. మూలన పడి ఉన్న పాత సరుకును వదిలించుకోవడానికి చెప్పే ఆ మాటను దయచేసి వినకండి. కార్డుకు 132 వాట్లు, ప్రాసెసర్‌కు 65 వాట్లు కనుక భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పేరున్న కంపెనీది 550 వాట్లది ధారాళంగా సరిపోతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉంటుందో తెలిసినవాడిగా, ముందు అద్దం ఉన్న కేబినెట్‌ను కాదని జాలీ ఉన్నదాన్ని ఎంచుకున్నాను.

పిసినారితనం చూపింది ఈ భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు దగ్గర ఒక్కచోటే. బి550 బోర్డు కన్నా దాని ముందుతరం బి450 బోర్డు మూడు వేలు తక్కువకు వస్తోంది. ఈ ప్రాసెసర్‌కు పనిచేస్తుందా అని అడిగితే, కౌంటర్ దగ్గరి యువకుడు తల ఎత్తకుండానే "అన్నీ సపోర్ట్ చేస్తుంది సార్" అన్నాడు. ఆ మాటకు మూడు వేలు మిగిలాయని సంబరపడ్డాను.

ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, కార్డు ఫ్యాను కూడా ఒకసారి కదిలింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. బోర్డు అంచున ప్రాసెసర్ గుర్తు పక్కనున్న చిన్న దీపం ఎర్రగా వెలుగుతూ ఉంది. ర్యామ్‌లు తీసి ఒక్కొక్కటిగా పెట్టి చూశాను, కేబుల్ మార్చాను, బోర్డు బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాను. కేబుల్‌ను కార్డుకు కాక బోర్డుకు తగిలించానేమోనని మూడుసార్లు చూసుకున్నాను. 5600లో సొంత గ్రాఫిక్స్ ఉండవు కనుక ఆ పొరపాటుకు తెర రాదు. కానీ నేను ఆ పొరపాటు చేయలేదు.

మంగళవారం మొత్తం డబ్బాను ఆటోలో దుకాణానికి తీసుకువెళ్లాను. ఆ యువకుడు ఒక్క నిమిషం చూసి, "ప్రాసెసర్ పోయింది" అని తీర్పు చెప్పి, కూలర్ స్క్రూలు విప్పి ఒక్క గుంజు గుంజాడు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేయడానికి మధ్యన పూసే పేస్టు జిగురులా పట్టుకోవడంతో ప్రాసెసర్ కూడా కూలర్‌తోపాటు సాకెట్‌లోంచి ఊడి వచ్చింది, ఒక మూల పిన్నులు వంగిపోయాయి. ఆ కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పి పట్టు వదిలించాకే పైకి తీయాలన్న సంగతి కంప్యూటర్లు బాగుచేసి బతికేవాడికి తెలియకపోవడం ఒక ఎత్తు. వంగిన పిన్నులను నాకే చూపిస్తూ, "చూశారా, మీరే వంచేశారు, దీనికి వారంటీ రాదు. వీడియోలు చూసి బిగిస్తే ఇలాగే ఉంటుంది" అని పదిమంది వినేలా అనడం మరో ఎత్తు. నా చేత్తో పెట్టినప్పుడు అవి నిటారుగా ఉన్నాయని చెప్పబోయాను, గొంతు పెగల్లేదు. అదే క్షణంలో పక్క కౌంటర్ నుంచి "నమస్కారం సార్" అని వినిపించింది. నాలుగేళ్ల క్రితం నా దగ్గర చదివిన విద్యార్థి! అన్నీ విన్నాడని అతని ముఖం చూస్తేనే తెలిసింది.

డబ్బా ఎత్తుకుని బయటికి వచ్చేశాను. ఆ అబ్బాయి వెనకే వచ్చి, "సార్, ప్రాసెసర్ పోయి ఉండదు, బోర్డులో బయోస్ పాతదై ఉంటుంది" అన్నాడు. స్విచ్ వేయగానే బోర్డును నిద్రలేపి, ఏ ప్రాసెసర్ పెట్టారో గుర్తుపట్టే మూల సాఫ్ట్‌వేరే బయోస్. బి450 బోర్డులు 2018లో వచ్చాయి, 5600 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఏళ్ల తరబడి గిడ్డంగిలో పడి ఉన్న బోర్డుకు ఈ ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. కొన్ని బోర్డులకు ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చుకునే బటన్ ఉంటుంది, నాదానికి లేదు. మారిస్తే పాత ప్రాసెసర్ పెట్టి మార్చాలి. అతని ఇంట్లో పాత రైజెన్ 5 2600 ఖాళీగా ఉందట.

పిన్నుల పని నేనే చేశాను. 1,331 పిన్నుల్లో ఏడు వంగాయి. భూతద్దం పెట్టుకుని, ములుకు తీసేసిన 0.5 మిల్లీమీటర్ల మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని ఒక్కొక్క పిన్నుకు తొడిగి గంటన్నరలో నిలబెట్టాను, ఒక్కటీ విరగలేదు. స్క్రూ గేజి పట్టుకోవడం వందల మంది పిల్లలకు నేర్పిన చేయి అది.

బుధవారం రాత్రి అతను వచ్చి 2600ను పెట్టగానే తెర వెలిగింది. బయోస్ తేదీ 2019 అని కనిపించింది. పెన్‌డ్రైవ్‌లో కొత్త ఫైలు పెట్టి మొదలుపెట్టాం. మధ్యలో కరెంటు పోతే బోర్డు చెత్తబుట్టకే కనుక యూపీఎస్‌కు తగిలించే చేశాం, అయినా ఆ అయిదు నిమిషాలూ ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ తరువాత 5600ను పెడితే మొదటిసారికే డిస్‌ప్లే వచ్చింది.

మీరు బి450 కొనేటట్లయితే డబ్బా మీద రైజెన్ 5000కు సిద్ధమన్న స్టిక్కర్ ఉందో లేదో కళ్లతో చూసి కొనండి, బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. నా బిల్లు మీద రాయలేదు, నేను అడగలేదు. ర్యామ్ మొదట 2400 వేగంతోనే నడుస్తుంటే, బయోస్‌లో ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అమరిక పెట్టి 3200కు తెచ్చింది కూడా ఆ అబ్బాయే. వెళ్లేటప్పుడు 2600ను తిరిగి డబ్బాలో పెట్టి ఇస్తుంటే, "ఉంచండి సార్, మన కాలేజీలో ఎవరికైనా పనికొస్తుంది" అన్నాడు.