వేడెక్కితే ఆగిపోయే లాంబ్రెటా: ఎనిమిది నెలల డైరీ

బండి కొని ఎనిమిది నెలలయింది. నోటుబుక్కులో అప్పుడప్పుడు రాసుకున్నవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నాలాగే నడపడమూ రిపేరూ ఒకేసారి నేర్చుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు పనికొస్తుంది.

నాది లాంబ్రెటా స్కూటరు, ఎల్ఐ 150, సిరీస్ 2. టూ స్ట్రోక్, 148 సీసీ, బోరు 57 మి.మీ., స్ట్రోకు 58. ఆర్సీలో 1968 అని ఉంది. బండి పుట్టింది ముంబయిలో, ఏపీఐ (ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా) వాళ్ల దగ్గర. డిజైన్ మాత్రం మిలాన్‌లోని ఇన్నోచెంతి కంపెనీది. వాళ్ల ఫ్యాక్టరీ ఉన్న పేట లాంబ్రాతే, ఆ పక్కన పారే ఏరు లాంబ్రో. బండికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. ఇటలీలో 1960ల మొదట్లోనే ఈ మోడల్ ఆపేసి సిరీస్ 3కు వెళ్లిపోయారు. మన దగ్గర మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు తయారైంది. అందుకే దీని సామాను ఇప్పటికీ వెతికితే దొరుకుతుంది.

నాకు 41 ఏళ్లు. కాలేజీలో లెక్కలు చెబుతాను. సైకిల్ తప్ప ఏదీ నడిపినదాన్ని కాదు. గుడివాడలో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు పక్కింటి వేపచెట్టు కింద గోనెపట్టా కప్పి ఉన్న ఈ బండిని చూశాను. హ్యాండిల్ మీద గుండ్రటి హెడ్‌లైటు, ముందుకు సన్నగా సాగిన మడ్‌గార్డు. ఆ ఇంటి పెద్దాయన 38 వేలకు ఇచ్చారు. విజయవాడకు ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాను.

జనవరి

ముందు కాగితాలు. పేరు మార్పిడికి ఫారం 29, 30. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫారం 25. పెద్దాయన ఐదేళ్లకోసారి మర్చిపోకుండా రెన్యువల్ చేయించుకుంటూ వచ్చారు కాబట్టి మూడక్షరాల పాత నంబరు నిలబడింది. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి చాలామంది అడిగారు. అందులో వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు, కానీ ఆ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోల్ లాంటి వాటికే రోడ్డెక్కాలి. నాకు కావాల్సింది తిరిగే బండి. అందుకని మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచాను.

ట్యాంకులో అడుగున ఎర్రటి తుప్పునీళ్లు. ట్యాంకు దించి, గుప్పెడు నట్లు వేసి, పెట్రోల్ పోసి ఊపాను. మూడుసార్లు చేస్తే పెట్రోల్ తేటగా వచ్చింది. పాత రబ్బరు పైపు జిగురైపోయింది, పారేశాను. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం వరకు ఇథనాల్. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌ను తట్టుకునే పైపే అడిగి తెచ్చుకోండి. రెండు మూడు వారాలు బండి తీయకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి, ఆ పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది.

ఫిబ్రవరి: వెనక హబ్

హబ్ అంటే చక్రాన్ని బిగించే నడిమి భాగం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం ఇక్కడే ఉంది.

వెనక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిపితే టక్ టక్ మంది. బేరింగ్ అనుకున్నాను. మొదట ఆ టైరులో గాలంతా తీసేసి, అప్పుడు చక్రం విప్పాను. ఈ బండి రిమ్ము రెండు ముక్కలు. గాలి ఉండగా పొరపాటున రిమ్ము నట్లు విప్పితే ఆ ముక్కలు పేలినట్టు విడిపోతాయి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

చక్రం తీశాక చూస్తే హబ్ నట్టు వేళ్లతోనే తిరిగింది. లాక్ వాషర్ విరిగి సగమే మిగిలింది. హబ్ లోపలి పళ్లు ఒకవైపుకు అరిగిపోయి కొడవలి పళ్లలా వంగాయి. షాఫ్టు పళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. అది పోయి ఉంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వచ్చేది.

ఆటోనగర్‌లో పాత లాంబ్రెటా, విజయ్ సూపర్ సామాను పెట్టుకున్న ఒక బాబాయ్ గారు ఉన్నారు. ఆయన దగ్గర వాడిన హబ్బు ఒకటి, కొత్త కోన్ (హబ్బును షాఫ్టు మీద బిగించి పట్టే లోహపు వలయం) ఒకటి దొరికాయి. కోన్‌ను నేరుగా బిగించొద్దన్నారు. వాల్వులు రుద్దే పేస్టు కొద్దిగా రాసి, కోన్‌ను హబ్బులో పెట్టి చేత్తో అటూ ఇటూ తిప్పుతూ రుద్దాలి. మొదట కోన్ మీద రెండుచోట్లే బూడిదరంగు మచ్చ పడింది. అరగంట రుద్దాక మచ్చ చుట్టూరా ఒకే పట్టీలా వచ్చింది. అంటే కోన్ అంతా హబ్బుకు ఆనుతోందన్నమాట. తర్వాత పేస్టు ఒక్క రవ్వ కూడా మిగలకుండా కిరోసిన్‌తో కడిగాను. మా వారు బ్రేకు తొక్కిపట్టుకుంటే నేను స్పానర్‌కు ఇనప గొట్టం తొడిగి బిగించాను. కొత్త లాక్ వాషర్ వేశాను. 50 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ విప్పి చూస్తే పావు చుట్టు బిగింది. ఆ తర్వాత కదల్లేదు.

గేర్‌బాక్స్ నూనె: ఎస్ఏఈ 90, 0.7 లీటరు. క్లచ్ ప్లేట్లు కూడా ఆ నూనెలోనే మునిగి ఉంటాయి కాబట్టి ఏది పడితే అది పోయకూడదు. పెట్రోల్‌లో 2టీ నూనె (టూ స్ట్రోక్ ఇంజిన్ నూనె) 4 శాతం, అంటే 5 లీటర్లకు 200 మి.లీ. ముందే వేరే డబ్బాలో కలిపి పోస్తున్నాను.

మార్చి, ఏప్రిల్: నడపడం

లర్నర్ లైసెన్స్ తీసుకుని ఆదివారాలు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నేర్చుకున్నాను. గేర్లన్నీ ఎడమ చేతిలోనే. క్లచ్ పట్టి పిడిని పైకి తిప్పితే ఒకటి, కిందికి తిప్పుతూ పోతే న్యూట్రల్, రెండు, మూడు, నాలుగు. మొదటి రెండు వారాలు మణికట్టు వాచిపోయింది. నా చేతిలో బలం లేదనుకున్నాను. నిజానికి కేబుళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. క్లచ్ కేబులు, రెండు గేరు కేబుళ్లు కొత్తవి వేసి, వేసేముందు ఒక్కోదానిలో నూనె చుక్కలు చుక్కలుగా దిగనిచ్చాక రెండు వేళ్లతో క్లచ్ పట్టగలుగుతున్నాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: నేర్చుకోవడం మొదలుపెట్టే ముందే కేబుళ్లు మార్చండి.

ఇంజిన్ సరిగ్గా మధ్యలో ఉండడంతో బండి ఒకపక్కకు లాగదు. అది నాకు చాలా ధైర్యం ఇచ్చింది. ముందు డ్రమ్ము బ్రేకు మాత్రం మెల్లగా పట్టుకుంటుంది. ముందున్న బండికి ఇప్పటి బళ్లవాళ్లు వదిలే దూరానికి రెండింతలు వదులుతాను. లైట్లు 6 వోల్టులు, ఇంజిన్ నెమ్మదిస్తే వెలుగూ తగ్గిపోతుంది. అందుకని చీకటిపడ్డాక తీయను.

మే, జూన్: ఆగిపోవడం

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నా బండికి ఆ ఎండలోనే జబ్బు బయటపడింది. ఏడెనిమిది కిలోమీటర్లు హాయిగా నడిచి, తర్వాత టప్ టప్ మని కొట్టుకుని ఆగిపోయేది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవదు. ఇరవై నిమిషాలు నీడలో పెడితే ఒక్క కిక్కుకే స్టార్ట్. ఒకసారి సరిగ్గా బెంజ్ సర్కిల్ దగ్గర ఆగింది. వెనక బస్సు హారన్, నాకు కాళ్లు వణికాయి.

ఒక షాపులో చూపిస్తే కార్బొరేటర్ విప్పి జెట్టు మార్చారు. అయినా తగ్గలేదు. ఇంజిన్ బోరింగ్ (సిలిండర్‌ను లోపల అరగదీసి సాపు చేయడం) చేయించాలి, పిస్టన్ మార్చాలి అన్నారు. కిక్కు కొడితే కంప్రెషన్ గట్టిగానే తగులుతోంది. బోరింగ్ ఎందుకో నాకు అర్థం కాలేదు. బండి వెనక్కి తెచ్చేసుకున్నాను.

ఆటోనగర్ బాబాయ్ గారిని అడిగితే ఒకే మాటన్నారు: "చల్లారాక చూస్తే ఏం కనపడుద్దమ్మా? ఆగినప్పుడే, ఆగిన చోటే ప్లగ్గు ఇప్పాల."

అప్పటినుంచి డిక్కీలో ప్లగ్గు స్పానర్, మంచి ప్లగ్గు ఒకటి, మందపాటి చేతి తొడుగు పెట్టుకుని బయల్దేరాను. పొద్దున ఆరింటికి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు మళ్లాక ఆగింది. ముందు ట్యాంకు మూత తెరిచాను, గాలి రంధ్రం మూసుకుపోయిందేమోనని. తేడా లేదు. పైపు ఊడదీసి చిన్న సీసాలోకి వదిలితే పెట్రోల్ ధారగా పడింది. ఇక మంట. మంచి ప్లగ్గును క్యాపుకు తొడిగి, ఇంజిన్ లోహానికి ఆనించి కిక్కు కొట్టాను. ఇంటిదగ్గర చల్లగా ఉన్నప్పుడు నీలంగా, చిట్లినట్టు చప్పుడుతో వచ్చే మెరుపు, ఇక్కడ సన్నటి పసుపు దారంలా, చప్పుడు లేకుండా వచ్చింది. రెండో కిక్కుకు అదీ లేదు. ఆ పసుపు దారం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఐదు వారాల తర్వాత జబ్బు కళ్లకు కనిపించింది.

హెచ్‌టీ కాయిల్ (ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజి అందించేది) బాబాయ్ గారి దగ్గర అరువు తెచ్చి మార్చి చూశాను, మళ్లీ అదే. ఇక మాగ్నెట్ (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) లాగాలి. దానికి ఎక్స్‌ట్రాక్టర్ తప్పనిసరి, సుత్తితో కొట్టొద్దు. లోపల పాయింట్ల (మెరుపు కోసం కరెంటును తెంపే చిన్న స్విచ్చు) మీద ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ. కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రాకుండా ఆపే చిన్న డబ్బా) పని చేయనప్పుడు పాయింట్లు ఇలాగే కాలతాయి. కండెన్సర్ ఉండేది మాగ్నెట్ వెనక, ఇంజిన్ వేడి మొత్తం తగిలే చోట. చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది, వేడెక్కితే చేతులెత్తేస్తుంది.

కొత్తది మళ్లీ అక్కడే పెట్టలేదు. పాత కండెన్సర్ వైరు కత్తిరించి, పాయింట్ల నుంచి వచ్చే వైరుకు హెచ్‌టీ కాయిల్ పక్కన, గాలి తగిలే చోట, కారు కండెన్సర్ ఒకటి బిగించాను. దాని బిళ్ల కింద పెయింటు గీకి లోహానికి ఆనేలా చేశాను, లేకపోతే ఎర్త్ సరిగ్గా అందదు. కొత్త పాయింట్ల గ్యాపు 0.40 మి.మీ. పెట్టాను, 0.35 నుంచి 0.45 దాకా పర్లేదు. ప్లగ్గు గ్యాపు 0.6. మొత్తం ఖర్చు ఐదువందల లోపే.

జులై, ఆగస్టు

ఆగడం పోయింది. కానీ జులైలో కొత్త సంగతి మొదలైంది. బాగా వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వెంటనే తగ్గట్లేదు, పరుగు అలాగే కొంతసేపు ఉంటోంది. చోక్ కాస్త లాగితే సర్దుకుంటోంది. ప్లగ్గు విప్పితే కొస సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంటే ఎక్కడినుంచో గాలి దూరుతోంది. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, అందుకని ఆ రోజే ఆపేశాను. కార్బొరేటర్ క్లాంపు చుట్టూ క్లీనర్ స్ప్రే కొడితే మార్పు లేదు. ఇక మిగిలింది మాగ్నెట్ వైపు క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజిన్ షాఫ్టు చుట్టూ గాలి, నూనె దూరకుండా ఆపే రబ్బరు వలయం). గేర్‌బాక్స్ నూనె తగ్గుతూ, తెల్లటి పొగ దట్టంగా వస్తుంటే మాత్రం రెండోవైపు సీల్ అనుకోవాలి. నాకు అది లేదు.

స్టేటర్ ప్లేటు (మాగ్నెట్ వెనక పాయింట్లు బిగించి ఉండే పళ్లెం) తీసేముందు ప్లేటు మీద, హౌసింగ్ మీద కలిసేలా సూదితో గీత గీసుకున్నాను. తిరిగి బిగించేటప్పుడు గీతలు కలిస్తే టైమింగ్ ఉన్నచోటే ఉంటుంది. పాత సీల్ పెదవి వేలితో వంచితే పెంకులా చిట్లింది. కొత్త సీల్‌కు లోపల గ్రీజు రాసి, సరిపడే సాకెట్‌తో వంకర పోకుండా తట్టి కూర్చోబెట్టాను.

మొన్న ఆదివారం మంగళగిరి వెళ్లి, కొండ కింద టిఫిను చేసి వచ్చాను. ఇంటికొచ్చాక ఇంజిన్ ఆపి, వేడి మీదే ప్లగ్గు విప్పాను. కొస మారీ బిస్కెట్ రంగులో ఉంది, అంటే గాలి దూరడం ఆగింది. ఇక ముందు ఫోర్కు బుష్షులు, స్పీడోమీటర్ కేబులు మిగిలాయి. కేబులు వచ్చే వారం ఆటోనగర్‌లో ఇస్తామన్నారు.