మెల్ట్‌డౌన్ సీను ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటిజం మీద సినిమా అనగానే చాలామందికి 1988లో వచ్చిన ‘రెయిన్ మ్యాన్’ గుర్తొస్తుంది. అందులోని ఆటిస్టిక్ పాత్రకు ప్రేరణ అయిన కిమ్ పీక్‌కు ఉన్నది ఆటిజం కాదని నిపుణులు తర్వాత అభిప్రాయపడ్డారు. అయినా ఆటిజం ఉంటే లెక్కల మేధావే అనే ముద్ర మాత్రం పోలేదు. అలాంటి అసాధారణ నైపుణ్యాలు ఆటిస్టిక్ వ్యక్తుల్లో కొద్దిమందికే ఉంటాయి. దీని మీద ఇప్పటికే బోలెడంత రాశారు. నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది మెల్ట్‌డౌన్ సీను, అంటే చుట్టూ ఉన్న ఒత్తిడి తట్టుకోలేక ఆటిస్టిక్ పాత్ర అదుపు తప్పే సీను.

తెర మీద అది ఉన్నట్టుండి ఊడిపడుతుంది. అప్పటిదాకా బాగానే ఉన్న పాత్ర చెవులు మూసుకుని అరుస్తుంది, ప్రేక్షకుడికి అది మొండితనంలా కనిపిస్తుంది. మొండికేసిన పిల్లాడు అడిగింది ఇస్తే ఊరుకుంటాడు. మెల్ట్‌డౌన్ అలా ఆగదు, ఎందుకంటే అది తట్టుకునే శక్తి దాటిపోయిన స్థితి. అందుకే దాన్ని రెండు మూడు సీన్ల ముందే మొదలుపెట్టాలి. చెప్పాపెట్టకుండా మారిన ప్లాను, గుయ్‌మంటున్న ట్యూబ్‌లైటు, ఒకేసారి మాట్లాడే ముగ్గురు మనుషులు. ఆ లైటు మోతను సౌండ్ మిక్సింగ్‌లో మాటలతో సమానంగా పెంచితే సగం పని అయిపోతుంది. ఈలోగా పాత్ర జవాబులు పొట్టివైపోవాలి, అడిగిందే మళ్లీ అడగాలి, చేతుల కదలిక పెరగాలి. అందరూ అరవరని కూడా గుర్తుంచుకోవాలి. కొందరు మాట పడిపోయి బిగుసుకుపోతారు, దాన్ని షట్‌డౌన్ అంటారు.

పక్కనున్నవాళ్లు ఏం చేస్తారన్నది ఇంకా ముఖ్యం. 2021 నాటి ‘మ్యూజిక్’ సినిమాలో ఆటిస్టిక్ అమ్మాయిని కింద పడేసి అదిమిపట్టే సీన్ల మీద తీవ్ర విమర్శలొచ్చాయి. బోర్లా పడుకోబెట్టి బరువు మోపితే ఊపిరాడక ప్రాణమే పోవచ్చు. లైటు ఆర్పడం, జనాన్ని పంపేయడం, ప్రశ్నలు ఆపి కాస్త దూరంగా కూర్చోవడం చూపిస్తే చాలు. తర్వాతి కట్‌లోనే నవ్వించకండి. ఆ అలసట గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంటుంది.

చేతులు ఊపడం, ఊగడం లాంటి స్టిమ్మింగ్‌ను (పదేపదే చేసే కదలికలను) నటులు మేకప్‌లా అన్ని సీన్లకూ పూసేస్తారు. సంతోషంలో వచ్చే ఊపు వేరు, భయంలో వచ్చేది వేరు. 2022 నాటి ‘హార్ట్‌బ్రేక్ హై’ సిరీస్‌లో క్విన్నీ పాత్ర వేసిన క్లోయీ హేడెన్ స్వయంగా ఆటిస్టిక్. అలాంటి నటుల్ని తీసుకున్నప్పుడు ముందురోజే రాతలో షెడ్యూలు, సెట్ పక్కన నిశ్శబ్దంగా ఉండే గది, మార్పులుంటే వీలైనంత ముందుగా కబురు కావాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.